మందుబిళ్ళలును మూత్రపిండములును

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సందర్భమున నన్నొక యుపన్యాస మీయవలసినదిగా కార్యదర్శిగారు కోరినపుడు, నేను తిక్కనగారిని గూర్చియో పోతనగారిని గూర్చియో మాటలాడుదునని వారు తలచియుందురు. నాకు వచ్చిన నాలుగు పద్యములును ఈ గ్రంథాలయపు బీరువాలు నేర్పినవే కావున వారి యూహ సహజమే. కాని నేను వేరొక విషయ మెన్నుకొంటిని. సాయంకాలము పత్రికలు చదువ వచ్చువారి నడుమ కూర్చుండి వారి మాటలు వినుచున్నాను గదా! భారత ప్రసంగము పది దినముల కొకమారు వచ్చినచో, మందుబిళ్ళల ప్రసంగము ప్రతిదినమును వచ్చుచున్నది. "ఆ తెల్లబిళ్ళ నాకు బాగా పనిచేసిందండీ, మీరూ ఒకటి వేసి చూడండి" అని యొకరు. "రెండు వేస్తే గాని నా నొప్పి లొంగదు" అని మరియొకరు. పుస్తకములు చేతులు మారవలసిన చోట బిళ్ళలు చేతులు మారుచున్నవి. అందుచేత నేడు దానిని గూర్చియే మాటలాడ దలచితిని.

నేను వైద్యుడను కాను, లెక్కలు వ్రాయువాడను. వైద్యగ్రంథములందు స్థిరపడినదియు, పెద్దాసుపత్రి వైద్యులు ఓపికతో నాకు విశదీకరించినదియు మాత్రమే మనవి చేసెదను. ఎవరి రోగమునకైనను చికిత్స చెప్పుట నా యుద్దేశము కాదు.

మన నడుమునకు పైభాగమున, వెన్నెముకకు ఇరువైపులను, చిక్కుడుగింజ యాకారమున రెండు మూత్రపిండములు కలవు. సంస్కృత వైద్యగ్రంథములలో వీనికి వృక్కములని పేరు, ఊరివారందరును కిడ్నీలనుచున్నారు. ఏ పేరైనను సరియే. ఒక్కొక్కటి యించుమించు నూటయేబది గ్రాముల తూకము. ఇంత చిన్న యవయవముల కొరకు గుండె తాను పంపు రక్తములో సుమారు అయిదవ వంతును వెచ్చించుచున్నది. ఒక్కొక్క పిండమునందు దాదాపు పది లక్షల సూక్ష్మమైన జల్లెడలు కలవు. ఇవి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టి, అందు పనికివచ్చునదంతయు మరల రక్తమునకే జమకట్టి, లీటరున్నర మాత్రము ఖర్చు వ్రాసి మూత్రముగా బయటికి పంపును. రాత్రింబవళ్ళు ఇంత పెద్ద పద్దును ఇంత నికరముగా వ్రాయు గుమాస్తా నాకింతవరకు తారసపడలేదు.

మనము మ్రింగు మందులలో పెక్కింటికి దేహమునుండి వెడలిపోవు ద్వారము ఈ పిండములే. ద్వారమున నిలుచువానికే దెబ్బలెక్కువ తగులునట్లు, మందుల దోషము ముందుగా వీనికి తగులుటలో వింత లేదు. అయితే అన్ని మందులును ఒకే తీరున బాధింపవు. మన గ్రామమున ఎక్కువగా చెల్లుబడియగునవి నొప్పిబిళ్ళలు కావున వాని సంగతి ముందు చెప్పెదను.

చెరువు క్రింద సేద్యము చేయువారికి ఈ మర్మము నాకంటె బాగుగా బోధపడును. పైన చెప్పిన ఒక్కొక్క జల్లెడకును రక్తము వచ్చుటకొక పైతూము, పోవుటకొక క్రిందితూము కలవు. ఈ రెంటి నడుమ నిలిచిన ఒత్తిడి వలననే వడపోత జరుగును. కాలువ నిండుగా నున్నంతకాలము చింత లేదు. ఎండలో పనిచేసి చెమటపట్టియో, వాంతులు విరేచనములు పట్టుకొనియో దేహమున నీరు తగ్గినపుడు, పిండము తనంత తానే కొన్ని రసములను పుట్టించుకొని, వాని సాయముతో పైతూమును వెడల్పు చేసికొని, కొరతలోనే తన వంతు రక్తమును రప్పించుకొనును. ఆ రసములకు ప్రోస్టాగ్లాండిన్లని పేరు. చిత్రమేమనగా, మోకాలిలో వాపును నొప్పిని పుట్టించునవియు ఈ రసములే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, నిమెసులైడ్ మొదలగు నొప్పిబిళ్ళలన్నియు ఈ రసములు పుట్టకుండ ఆపుట చేతనే నొప్పిని తగ్గించుచున్నవి. మోకాలికని మనము పంపిన మందు మోకాలివద్దనే ఆగిపోదు గదా! పిండములోని రసమును గూడ అది ఆపును. పైతూము పలక దిగిపోవును.

ఇక రక్తపోటునకు వాడు మందులలో రెండు తెగలు కలవు. ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి 'ప్రిల్' అను తోక గలవి యొక తెగ. లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటి 'సార్టాన్' తోక గలవి రెండవ తెగ. ఇవి క్రిందితూమును వెడల్పు చేయును. జల్లెడపై ఒత్తిడి తగ్గించి దానిని చిరకాలము కాపాడుట వీని గుణము. మధుమేహము గలవారికి వైద్యులు వీని నిచ్చుట తరచుగా కిడ్నీల రక్షణము కొరకే. కాళ్ళవాపునకో రక్తపోటునకో ఇచ్చు నీటిబిళ్ళ కాలువలోని నీటిమట్టమునే తగ్గించును. వేర్వేరుగా చూచినచో దేనిపని దానిదే, దోషము లేదు. రక్తపోటు మందును నీటిబిళ్ళను వాడుకొనుచున్న వృద్ధుడు మోకాళ్ళ నొప్పికని దుకాణమున కొన్న బిళ్ళను వానికి చేర్చినపుడే చిక్కు వచ్చును. పైతూము మూసి, క్రిందితూము తెరచి, కాలువలో నీరు దించినచో చేనికేమి పారును? దానికి తోడు రోహిణికార్తె యెండ, రెండు విరేచనములు. నాలుగు దినములలో పిండములు చేతులెత్తివేయవచ్చును.

ఇచ్చట నొక్క మాట గట్టిగా చెప్పవలసియున్నది. ఇది విని యెవరును ఇంటికి పోయి రక్తపోటు బిళ్ళలనో షుగరు బిళ్ళలనో గోడ అవతల పారవేయరాదు. "షుగరు మందులు వాడితే కిడ్నీలు పోతాయి" అను మాట మన యూర గట్టిగా నాటుకొన్నది. నిజము దానికి తలక్రిందు. అదుపు తప్పిన మధుమేహమును రక్తపోటును లోకమున కిడ్నీలు చెడుటకు ప్రధాన కారణములు. మెట్ఫార్మిన్ అను షుగరు బిళ్ళ పిండములను చెరుపదు; పిండములు ముందే చెడియున్నచో దేహమున నిలిచిపోవును కావున వైద్యులు దాని మోతాదు తగ్గించుటయో మానిపించుటయో చేయుదురు. ఈ రెండు సంగతులును ఒకటి కావు.

నొప్పిబిళ్ళల శక్తి యెట్టిదో మనకు తెలియకుండగనే మన యాకాశమున నొక నిదర్శనము జరిగిపోయినది. నా చిన్నతనమున ఊరిబయట పశుకళేబరము పడినచో గంటలో గ్రద్దల కంటె పెద్దవైన రాబందులు గుంపులుగా వ్రాలెడివి. నేటి బాలురకు రాబందనగా జటాయువు కథ చెప్పి, ఇట్టి పక్షి యుండెడిదని వర్ణింపవలసి వచ్చుచున్నది. 1992 నుండి 2007 లోపల మన దేశమున తెల్లవీపు రాబందులు నూటికి తొంబదితొమ్మిదికి పైగా నశించిపోయినవి. తెగులనిరి, పురుగుమందులనిరి. తుదకు 2004వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు కనుగొన్నదేమనగా, పశువులకు నొప్పికిచ్చిన డైక్లోఫెనాక్ కళేబరమున మిగిలియుండగా, దానిని తిన్న రాబందుల కిడ్నీలు కొలది దినములలో చెడిపోవుచున్నవని. వాని లోపలి యవయవములపై సున్నము పూసినట్లు తెల్లని యామ్లము పేరుకొనియుండెను. 2006లో మన ప్రభుత్వము పశువులకు ఆ మందును నిషేధించినది. 2015లో మనుష్యులకు వాడు పెద్ద సీసాలను గూడ, పశువులకు మళ్ళింపబడుచున్నవని, చిన్న మోతాదునకు తగ్గించినది. 2023లో ఎసిక్లోఫెనాక్‌ను కీటోప్రోఫెన్‌ను పశువైద్యమున నిషేధించినది. రాబందు దేహము వేరు, మనుష్యుని దేహము వేరు. వైద్యుడు చెప్పిన నాలుగు దినములు వాడినంతమాత్రమున మనకా గతి పట్టదు. కాని ఒక బిళ్ళ యొక పక్షిజాతినే తుడిచిపెట్టగలిగినదని తెలిసిన పిమ్మట దానిని శనగపప్పువలె నమలుటకు మనసొప్పునా?

మనుష్యుల కథ కావలెనన్నను కలదు. స్వీడను దేశమున హుస్క్వార్నా అను కర్మాగారపు పట్టణ మున్నది. 1918 నాటి గొప్ప ఇన్ఫ్లుయెంజా జ్వరముల కాలమున జోర్టాన్ అను వైద్యుడు జ్వరమునకు నొప్పులకు నొక చూర్ణ మిచ్చెను. ఫెనాసెటిన్, ఫెనాజోన్, కెఫీను అందలి ద్రవ్యములు. జ్వరములు పోయినవి గాని చూర్ణము పోలేదు. కార్మికులు నొప్పి యున్నను లేకున్నను, పని వేగము తగ్గకుండుటకని ప్రతిదినమును దానిని తీసికొనజొచ్చిరి. ఏండ్లు గడచిన కొలది ఆ పట్టణమున కిడ్నీలు చెడి మరణించువారు హెచ్చిరి. 1953లో స్విట్జర్లాండు వైద్యులును ఇట్టి మందుల నెక్కువగా వాడినవారి పిండములలో నొక విధమైన క్షయమును గుర్తించిరి. స్వీడనులో 1961లో ఫెనాసెటిన్ వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని కట్టడి చేసిరి. 1963లో గ్రిమ్లుండ్ అను వైద్యుడు ఆ కర్మాగారపు కార్మికుల చరిత్రను ప్రకటించెను. అమెరికాలో 1983లో ఆ మందును అంగళ్ళనుండి తొలగించిరి.

ఈ కథలో నాకు ముల్లువలె గుచ్చుకొన్న దొక్కటే. ఆ కార్మికులు రోగమునకు మందు తినలేదు, పనికొరకు తినిరి. మన యూర నాట్లకాలమున, కోతలకాలమున, రాత్రి యొక బిళ్ళ మ్రింగి తెల్లవారి చేలోనికి దిగువారెందరు? ఆ తల్లులకు నడుము వంచనిదే కూలి లేదు. "బిళ్ళ వద్దంటే పని ఎవరు చేస్తారు బాబూ?" అని యొకామె నన్నడిగినది. న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానము తరువాత మనవి చేసెదను. బిళ్ళ మానుమని గద్దించి చేతులు దులుపుకొనుట మాత్రము సమాధానము కాదు.

ఇప్పుడు మా యింటి సంగతి చెప్పెదను. మా మేనత్తకు డెబ్బదియేండ్లు దాటినవి. రక్తపోటు కలదు, బిళ్ళ వాడుచుండెను. మోకాళ్ళ నొప్పులకు రెండేండ్లుగా నొక దుకాణమునుండి బిళ్ళలు తెప్పించుకొనుచుండెను. దుకాణదారు మంచివాడే, కావలెనని కీడు చేసినవాడు కాడు, అడిగినది ఇచ్చెను. దానితోపాటు "గ్యాసుబిళ్ళ" యొకటి చేర్చి, ఇది వేసికొన్నచో ఆ బిళ్ళ యేమియు చేయదని ధైర్యము గూడ చెప్పెను. గ్యాసుబిళ్ళ కడుపును కాపాడును, నిజమే, కిడ్నీని కాపాడదు. ఒక వైశాఖమాసమున ఆమెకు విరేచనములు పట్టుకొన్నవి. మూడు దినములు గంజి త్రాగుచు, బిళ్ళలేవియు మానక, మంచముపై నుండెను. నాలుగవనాడు మూత్రము మిక్కిలి తగ్గి, మొగము ఉబ్బి, మాట తడబడుటచే పట్టణమునకు గొనిపోయితిమి.

అచ్చటి వైద్యుడు మొదట అడిగిన ప్రశ్న "అమ్మా, ఏమేమి బిళ్ళలు వేసుకుంటున్నారు?" అని. "పొద్దున తెల్లది, రాత్రి ఎర్రది, నొప్పి ఎక్కువైతే ఇంకో తెల్లది బాబూ" అని మా అత్త. మా బావ పేర్లెరుగడు, కోడలెరుగదు. నేను తిరిగి వచ్చి, ఆమె తమలపాకుల పెట్టెలో దాచిన ఖాళీ అట్టలన్నియు ఏరి, పేరు, మోతాదు, ఎంతకాలమునుండి యను మూడు వరుసలుగా కాగితముపై వ్రాసి కొనిపోయితిని. తెల్లబిళ్ళ లొకటి కాదు, రెండు. దుకాణము మారినపుడు పేరు మారినది గాని రెండును డైక్లోఫెనాకే. నొప్పి ఎక్కువైన దినమున ఆమె ఒకే మందును రెండు పేర్లతో రెండింతలు మ్రింగుచుండెను. ఆ పెట్టెలోనే మరియొక నిధి దొరికినది. అంతకు సంవత్సరము ముందు కంటి శస్త్రచికిత్సకు పోయినపుడు చేసిన రక్తపరీక్ష చీటీ. అందు క్రియాటినిన్ 0.9 అని యున్నది. ఇప్పుడు 4.8.

క్రియాటినిన్ అనగా నేమో చెప్పవలెను. కండరములు పనిచేయుటలో పుట్టు ఒక మలిన పదార్థము. దానిని బయటికి త్రోయుట కిడ్నీల పని. వారు త్రోయలేనపుడు రక్తమున పెరుగును. పెద్దవారికి ఇంచుమించు 0.6 నుండి 1.2 వరకు మామూలు. అయితే కిడ్నీల పనిలో సగము పోవువరకును ఈ సంఖ్య హద్దులోనే యుండవచ్చును. కండ తక్కువైన ముసలివారికి 1.2 అన్నను అంత నిశ్చింత కాదు. అందుచేత వైద్యులు వయస్సును గూడ చేర్చి వడపోత వేగమును లెక్కకట్టుదురు. అది మూడు మాసములకు మించి 60కి లోపలనే యున్నచో దీర్ఘవ్యాధి యందురు. మూత్రములో మాంసకృత్తు పోవుచున్నదేమో చూచుట మరియొక పరీక్ష. ఈ రెండును తక్కువ ఖర్చుతో అగు పరీక్షలే. నొప్పి యుండదు, మూత్రము వచ్చుచునే యుండును, మనిషి తిరుగుచునే యుండును. తెలియవలెనన్న చీటీ యొక్కటే ఆధారము. పద్దు చూడనిదే ఖజానాలో ఎంతయున్నదో తెలియదు గదా!

పాత చీటీయును క్రొత్త చీటీయును ప్రక్కప్రక్కన పెట్టి చూచి, ఇది యేండ్లనాటి వ్యాధి కాదు, ఇటీవల వచ్చిపడినది, నయము కావచ్చునని వైద్యుడు ధైర్యము చెప్పెను. చేసిన చికిత్సలో మంత్రమేమియు లేదు. మొదట నొప్పిబిళ్ళ మాన్పించిరి. రక్తపోటు బిళ్ళను తాత్కాలికముగా నిలిపిరి. కోల్పోయిన నీటిని సెలైనుగా కొలతప్రకార మెక్కించిరి. దినదినమును మూత్రము కొలిచి వ్రాసిరి, రక్తములో పొటాషియమును చూచిరి. అది హద్దుమీరినచో గుండెకు ప్రమాదమనియు, అట్లయినచో కొన్నాళ్ళు డయాలిసిస్ చేయవలసివచ్చుననియు ముందే చెప్పిరి. దైవకృపచే అంతదూరము పోలేదు. మూడు వారములకు క్రియాటినిన్ 1.7, మూడు మాసములకు 1.3. అంతకు క్రిందికి దిగలేదు. రక్తపోటు బిళ్ళను వైద్యుడే తిరిగి మొదలుపెట్టించెను. నొప్పిబిళ్ళ ఆమెకు జీవితాంతము నిషిద్ధమని చీటీపై ఎర్రసిరాతో వ్రాసిరి. ఆమె నేడీ సభలో రెండవ వరుసలో కూర్చుండి, నన్ను గుర్రుగా చూచుచున్నది.

అందరి కథయు నిట్లు ముగియదు. పొరుగూరి కూలీ యొకడు, నలుబదియైదేండ్లవాడు, వారమునకు మూడుమారులు పట్టణమునకు పోయి మారునకు నాలుగేసి గంటలు యంత్రమునకు కట్టుబడి వచ్చుచున్నాడు. మందు లేని రక్తపోటును, ఏండ్లతరబడి మ్రింగిన బిళ్ళలును అతనికి కలవు. ఏది యెంత చేసినదో విడదీయుట వైద్యుల తరము కాలేదు. వారమునకు మూడు దినములు పోయినచో కూలి యెక్కడిది? ఆ యింటి లెక్క నేను వ్రాసి చూచితిని, జమ నిలువులేదు.

శ్రీకాకుళము జిల్లా ఉద్దానమును గూర్చి పత్రికలలో అందరును చదివియుందురు. కొబ్బరితోటల నడుమ నున్న కవిటి, సోంపేట, పలాస ప్రాంతములలో షుగరు లేనివారికిని కిడ్నీలు చెడుచున్నవి. నీరా, ఎండదెబ్బయా, పురుగుమందులా, నొప్పిబిళ్ళలా, అన్నియు కలిసియా యను విషయము పరిశోధకులలో నింకను తేలలేదు. కావున ఆ పాపమంతయు బిళ్ళలపై మోపుట న్యాయము కాదు. 2023 డిసెంబరులో పలాసయందు ప్రత్యేకముగా నొక కిడ్నీ ఆసుపత్రియు పరిశోధన కేంద్రమును తెరువబడినవి. కారణమేదైనను, ముందే బలహీనపడిన పిండములకు నొప్పిబిళ్ళ భారము తోడుచేయరాదనుటలో మాత్రము వైద్యులలో భేదాభిప్రాయము లేదు.

ఇతర మందులను గూర్చి త్వరగా చెప్పెదను. జెంటామైసిన్, అమికాసిన్ అను సూదిమందులు కొన్ని గట్టి సూక్ష్మజీవులపై ప్రాణదాతలు. కాని అయిదారు దినములు దాటిన కొలది పిండముల గొట్టములను దెబ్బతీయగలవు, అప్పుడు మూత్రము తగ్గకుండగనే చెడుపు జరుగవచ్చును. జ్వరమునకెల్ల సూది కావలెనని పట్టుపట్టువారు ఇది గమనింతురు గాక. నేను చెప్పిన గ్యాసుబిళ్ళలు, ఓమెప్రజోల్, పాంటాప్రజోల్ మొదలగునవి, కొందరికి పిండములలో సరిపడని వాపును పుట్టించును. వైద్యుడు చెప్పిన గడువు తీరినను ఏండ్లకేండ్లు కొనసాగించుట తగదు. స్కానింగునకు ముందు నరమునకు రంగుమందు ఎక్కించునపుడు, కిడ్నీ బలహీనత గలవారు ఆ సంగతి ముందే చెప్పుకొనవలెను.

"మాది చెట్టుమందు, దోషము లేదు" అనువారికి ఒక సంగతి. బెల్జియము రాజధాని బ్రస్సెల్సులో దేహము సన్నబడుటకని చీనా మూలికల నిచ్చిరి. ఒక మూలికకు బదులు పొరపాటున అరిస్టోలోకియా జాతి మూలిక అందులో కలిసినది. 1993లో వైద్యులు దానిని లోకమునకు వెల్లడించిరి. మొత్తముమీద నూరుమందికి పైగా స్త్రీల కిడ్నీలు చెడినవి, పలువురికి డయాలిసిస్సో అవయవ మార్పిడియో కావలసివచ్చినది. ఆ జాతి మనకు క్రొత్తది కాదు. మన గట్లపై మొలచు గాడిదగడపాకును, పాముకాటునకని దాచుకొను ఈశ్వరివేరును ఆ జాతివే. పెద్దల వైద్యమును నేను తేలికచేయుట లేదు, చరకసంహితను గౌరవించువాడను. ఆ గ్రంథము గూడ మందు ఎరుగక వాడినచో విషమగునని హెచ్చరించినదే. మోకాళ్ళకు కంటిచూపునకు మంచిదని శీలావతి, బొచ్చె చేపల పైత్యపుతిత్తిని పచ్చిగా మ్రింగు అలవాటును అట్టిదే. దానివలన ఉన్నట్టుండి కిడ్నీలు ఆగినవారు మన దేశముననే కలరు.

పసిపిల్లల దగ్గుమందు సంగతి చెప్పకుండ ముందునకు పోలేను. డైఇథిలీన్ గ్లైకాల్ అను పారిశ్రామిక ద్రవము తియ్యగా నుండి మందునీటిలో కలియుటవలన 1937లో అమెరికాలో నూరుమందికి పైగా మరణించిరి. 1986లో బొంబాయి ఆసుపత్రిలో పదునలుగురు. 2022లో గాంబియా దేశమున అరువదికి పైగా పసివారు. 2025లో మధ్యప్రదేశమున చింద్వాడా ప్రాంతమున ఇరువదికి పైగా పసివారు. అందరికిని కిడ్నీలే చెడినవి. ఇది తల్లిదండ్రుల యజాగ్రత్త కాదు, తయారుచేయువారి దోషము, తనిఖీ చేయువారి దోషము. మనము చేయగలిగినదెల్ల, చిన్నపిల్లలకు వైద్యుడు చెప్పనిదే దగ్గుమందు పోయకుండుట. మందు పోసిన బిడ్డకు వాంతులై మూత్రము తగ్గినచో తెల్లవారువరకు ఆగక, సీసాతో సహా పెద్దాసుపత్రికి గొనిపోవుట.

ఇక ఆ కూలితల్లి ప్రశ్నకు సమాధానము. నొప్పికి మందే లేదని యెవరును అనలేదు. కిడ్నీలకు సంబంధించినంతవరకు పారాసిటమాల్ సరియైన మోతాదులో అన్నింటికంటె క్షేమకరము. 500 మిల్లీగ్రాముల బిళ్ళలైనచో దినమునకు ఆరు మించరాదు; తాగుడు అలవాటు గలవారును బక్కపలుచని వారును అంతకంటె తగ్గించి, వైద్యుని అడిగి వాడవలెను, ఎక్కువైనచో కాలేయమునకు చెరుపు. కాని యొక మోసము కలదు. అట్టపై 'పారాసిటమాల్' అని పెద్దగా నుండి, ప్రక్కనే చిన్న అక్షరములతో 'ఎసిక్లోఫెనాక్' అనియో 'ఐబుప్రోఫెన్' అనియో ఉండును. రెండవ పేరు చదువనిదే కొనరాదు. చదువరాని వారు ఈ గ్రంథాలయమునకు తెచ్చినచో చదివి చెప్పువారము మేమున్నాము. వేడినీటి కాపడము, పైపూత మందు, మోకాలిచుట్టునున్న కండలకు వ్యాయామము, ఇవి చులకనగా చూడదగినవి కావు. ఏ వాతరోగమువలననో నొప్పిబిళ్ళ తప్పదని వైద్యుడే నిర్ణయించినచో, అందరకు భయపడి మానవలదు. తక్కువ మోతాదులో, తక్కువ దినములు, మధ్యమధ్య రక్తపరీక్షతో వాడుకొనవచ్చును. అరువదేండ్లు దాటినవారు, షుగరు, రక్తపోటు, గుండెజబ్బు గలవారు, ఇదివరకే కిడ్నీ బలహీనమైనవారు మాత్రము చీటీ లేనిదే వానిని ముట్టరాదు. గర్భిణులకును అంతియే.

వాంతులు, విరేచనములు, తీవ్రజ్వరము వచ్చిన దినమున ఓ.ఆర్.ఎస్. పొట్లము కలుపుకొని త్రాగుచు, నొప్పిబిళ్ళ వెంటనే మానవలెను. రక్తపోటు బిళ్ళను, నీటిబిళ్ళను, షుగరు బిళ్ళను ఆ రెండు మూడు దినములు నిలుపవలెనా యని వైద్యుని అడుగవలెను. ఆ ప్రశ్నను ఆరోగ్యము బాగున్న దినముననే అడిగి వ్రాసియుంచుకొనుట ఇంకను మేలు. ఎండలో పనిచేయువారు దాహము వేయువరకు ఆగక నీరు త్రాగవలెను. కాళ్ళు మొగము వాచినను, మూత్రము తగ్గినను, ఆయాసము వచ్చినను ఆలస్యము పనికిరాదు. కిడ్నీ జబ్బు ముదిరినవారికిని గుండె బలహీనులకును నీటి కొలత వేరు. వారు నా మాట విని బిందెలు త్రాగరాదు.

అయ్యలారా! అన్నింటికంటె నాకు చేతనైన పని యొకటి కలదు, అది లెక్క వ్రాయుట. కార్యవర్గమువారి యనుమతితో ఒక చిన్న కాగితము అచ్చు వేయించితిమి. పేరు, వయస్సు, సరిపడని మందులు, వాడుచున్న బిళ్ళల పేర్లు, మోతాదు, మొదలిడిన తేదీ, ఎవరు చెప్పినది, క్రియాటినిన్ ఎంత, ఏనాటిది అని గళ్ళు గీచియున్నవి. నాటుమందులకును ఒక గడి యుంచితిమి; సిగ్గుపడక వ్రాయించుకొనుడు. రేపటి ఆదివారము నుండి ప్రతి ఆదివారమును ఉదయము తొమ్మిది గంటలకు నేను చదువుగదిలో కిటికీప్రక్క బల్లవద్ద కూర్చుందును. ఇంటిలోని అట్టలన్నియు, ఖాళీవి గూడ, పాత పరీక్షచీటీలన్నియు సంచిలో వేసికొని రండు. రెండు ప్రతులు వ్రాసి, ఒకటి మీకిచ్చెదను. మందు కొనునపుడును వైద్యుని చూచునపుడును దానిని చూపవలెను. రెండవది కవరులో పెట్టి మీ పేరుతో గ్రంథపాలకునివద్ద భద్రపరుపబడును. మీరును మీరు చెప్పినవారును తప్ప అన్యులు చూడరు. రుసుము లేదు, చందాదారులు కానివారును రావచ్చును. మొదటి కాగితము మా మేనత్తదే. అది సిద్ధముగా నున్నది.